మామయ్య రైలు మీది వీధులు

బ్రిక్స్‌టన్, లండన్,
మంగళవారం.

ప్రియమైన లెన్నాక్స్‌కి,

ఇక్కడ అందరం కులాసా. ఆ సముద్రంలో, గాలిమరల పనిలో నువ్వు కూడా వేళకి తిని, పొడిగా ఉన్నావనుకుంటాను. ముందు నువ్వడిగినవి: వంటింటి కుళాయి కారడం ఆగింది. పిల్లదానికి దగ్గు తగ్గింది. అత్తయ్య మోకాలు బాగానే ఉంది. బాగా లేకపోయినా ఆవిడ చెప్పదని నీకూ తెలుసు.

ఇక అసలు సంగతి. ఫోన్‌లో అయితే మధ్యలోనే కేకలేస్తావని ఉత్తరం రాస్తున్నాను. "అమ్మ చేత ఆ నడక పిచ్చి మాన్పించు" అన్నావు. నా ప్రయత్నం నేను చేశాను.

ఇక్కణ్ణుంచి వాల్తమ్‌స్టో దాకా, విక్టోరియా లైను రైలు నేల కింద పోయినంత మేరా, పైన వీధుల్లో ఒక్కరోజులో నడవాలని ఆవిడ పట్టు. "మీ మామయ్య బతుకంతా ఆ సొరంగంలోనే రైలు నడిపాడు. ఇంటికొచ్చి, 'ఐవీ, ఇవాళ నా నెత్తిమీద ఏం జరిగిందో' అనేవాడు. ఎవరు చెప్పారు ఆయనకి? నేను చూసొస్తాను" అంటుంది. పోయిన మనిషి ప్రశ్నని ఇంత శ్రద్ధగా మోయడం నాకైతే చేతనవుతుందా అని ఆలోచిస్తూంటాను.

ఆవిడ సన్నాహాలు చూసి తీరాలి. స్టేషన్లో ఊరికే ఇచ్చే రైలు పటం ఫ్రిజ్ మీద అంటించి, మజిలీలు రాసుకుంది: పిమ్లికోలో టీ, వారెన్ స్ట్రీట్ దగ్గర వేయించిన చేప, హైబరీలో కాళ్లు చాపడం. కొత్త బూట్లు మెత్తబడాలని ఇంట్లో కూడా విప్పడం లేదు.

"కరుస్తున్నాయి కదా అత్తయ్యా, కాసేపు తీయండి."

"పెళ్లినాడు వేసుకున్నవి ఇంతకంటే కరిచాయి. నోరెత్తానా?"

పటం చూస్తుంటే తప్పు దొరికింది. ఈ ఊళ్లో అందరం చేసే తప్పే. రైలు పటంలో స్టేషన్లన్నీ సమాన దూరంలో గీసి ఉంటాయి, ఊరూ అలాగే ఉంటుందనుకుంటాం. ఫిన్స్‌బరీ పార్క్‌కీ సెవెన్ సిస్టర్స్‌కీ మధ్య గీత వేలెడంత. నిజానికి లైను మొత్తంలో అదే అన్నిటికంటే పొడుగు. ఆవిడ ఆ ముక్కకి ఒక్క బిస్కెట్టు కేటాయించింది!

ఇప్పుడు ఒప్పుకోలు. నీ మాట నెగ్గించాలనే అసలైన వీధుల పటం తెచ్చి చూపించాను. బెదిరి మానుకుంటుందనుకున్నాను. ఆవిడ ఆ దారి వెంట మెల్లగా వేలు జరిపింది. ఫిన్స్‌బరీ పార్క్ దాటాక వేలు ఆగింది.

"అక్కడ చీకటి ఎంతకీ తెగదనేవాడు" అంది చివరికి. "కోతలు కొయ్యకు, అన్నీ ఒకటేగా అనేదాన్ని. పటం చూపించి మరీ దెబ్బలాడేదాన్ని."

వేలు ఆ ముక్క మీద నుంచి తీయలేదు.

"అయితే మొత్తం ఒకేరోజు వద్దులే మార్వా. శనివారం ఈ ముక్కొక్కటే నడుస్తాను."

"మధ్యలో మోకాలు మొరాయిస్తే?"

"కూర్చుంటాను. ఆయనకైతే కింద ఆగే వీల్లేదు. పైన బెంచీలుంటాయి కదే!"

ఆ మాట విన్నాక మాన్పించడం నా వల్ల కాలేదు. తోడు వస్తానని మాటిచ్చేశాను. తప్పు చేశానేమోనని ఇది రాస్తూ కూడా అనుకుంటున్నాను. కానీ నువ్వు ఆ ముఖం చూసి ఉంటే నువ్వూ మాటిచ్చేవాడివే. కోప్పడాలంటే ఆదివారం ఫోన్ చెయ్యి. ఆవిడే ఎత్తుతుంది.

ఇట్లు,
మీ అమ్మ పక్షానికి మారిపోయిన నీ భార్య,
మార్వా