మా పేట జనాభా

తాకేటా, యాంగోన్

సత్యప్రసాద్ బావగారికి,

బర్మా తెలుగువాళ్ల మీద మీరు రాస్తున్న పుస్తకానికి మా పేట చరిత్ర, జనాభా కావాలన్నారు. చరిత్ర చెప్పగలను. మన ముత్తాతగారితో ఓడరేవు పనికి వచ్చిన పన్నెండు కుటుంబాలు ఈ వాగు ఒడ్డున బురద పూడ్చి ఇళ్లు వేసుకున్నాయి. నా చిన్నతనంలో అవి అరవై గడపలయ్యాయి.

జనాభా కోసం ఆదివారం కాగితం పట్టుకుని ఇంటింటికీ బయలుదేరాను. మొదటి ఇంట్లోనే వెంకమ్మత్త నా చేయి పట్టుకుంది.

"మా సూరిగాడి పేరు రాత్తావేటి? ఆడు ఇంట్లో లేడు, ఎప్పుడో ఎల్లిపోనాడు."

కొడుకు తలుపు వెనకే ఉన్నాడని మా ఇద్దరికీ తెలుసు. కుర్రాళ్లను సైన్యంలోకి పట్టుకెళ్లడానికే పేర్లు రాస్తున్నారని ఆమె భయం. పుస్తకం కోసమని చెప్పినా నమ్మలేదు. నేను వస్తున్నానని తెలిసి మిగతావాళ్లు తలుపులు వేసుకున్నారు. కాగితం తెచ్చి పొయ్యిలో పెట్టేశాను.

బుధవారం సూరి పని వెతుక్కోవడానికి ఊరవతల ఫ్యాక్టరీలుండే లైంగ్‌థార్యార్‌కి బస్సెక్కాడు. దారిలో సైనికులు బస్సు ఆపి అతన్ని దింపి పట్టుకెళ్లారు. సాయంత్రం వెంకమ్మత్త మా గుమ్మంలోకి వచ్చింది.

"నీ కాయితం ఎవులికిచ్చినావే?"

కాల్చేశానని చెప్పాను. ఆమె మా పొయ్యి వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది. ఇప్పుడు పేటలో నాతో ఎవరూ మాట్లాడటం లేదు.

జనాభా అన్నచోట ఖాళీగా వదిలేయండి. మా అబ్బాయి ఎలా ఉన్నాడని కూడా అడిగారు. మాకు అబ్బాయి లేడు బావా. ఎవరడిగినా అలాగే చెప్పండి.

మీ మరదలు