కృష్ణబిలాల మీద రేపు నేను మాట్లాడాలి

శారదా,

బాగున్నావా అని అడగడానికి వీల్లేదు. అయినా చెయ్యి ముందుగా ఆ మాటే రాయబోయింది. నువ్వు వెళ్లి ఏడాదిన్నర దాటింది. నేను తెనాలిలో, మన ఇంట్లోనే ఉన్నాను. ఒంటికి లోటు లేదు. మనసుకే నిలకడ లేదు...

బాపట్లలో నువ్వు పనిచేసిన బాలికల పాఠశాలలో, ఏటా పదో తరగతికి నువ్వు చేసే ఆకాశ ప్రసంగం ఆగకూడదని నేనే పట్టుబట్టాను. నిరుడు వచ్చిన వక్త మాటలకు పిల్లలు ఆవలించారట. ఈసారీ అంతే అయితే ఇక మానేద్దామని ప్రధానోపాధ్యాయురాలు మర్యాదగానే చెప్పారు. వేరే వక్త దొరకలేదు. రేపు మాట్లాడవలసినవాణ్ణి నేనే. తెలుగు పండితుణ్ణి, భౌతికశాస్త్రం మీద! నవ్వుతున్నావా?

విషయం నువ్వు చివరి నెలల్లో ఇష్టంగా చదివినదే. పెద్ద కృష్ణబిలం చుట్టూ చిన్నది తిరుగుతూ, గురుత్వ తరంగాల రూపంలో శక్తి కోల్పోతూ, లోపలికి జారుతుంది. చుట్టూ కంటికి కనబడని కృష్ణపదార్థం దట్టంగా ఉంటే? దమ్ము చేసిన పొలంలో కాలు దిగబడినట్లు ఆ చిన్న బిలం నెమ్మదిస్తుందనీ, రెండూ కలవడం ఆలస్యమవుతుందనీ ప్రసంగంలో రాశాను.

మన విశ్రాంత ఉపాధ్యాయుల సభలో దాన్ని చదివాను. అక్కడి ఆచారం నీకు తెలుసు కదా... చదువుతున్నవాడికి ఎవరూ అడ్డు తగలరు. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు.

ఆ మెప్పు చాలక రేపల్లె వెళ్లాను, అక్కడ భౌతికశాస్త్రం బోధిస్తున్న నీ శిష్యురాలు గిరిజకు వినిపిద్దామని. ఆమె అంతా విని, ఫలితం తలకిందులైందని మెల్లగా చెప్పింది. కృష్ణపదార్థం వెనక్కి లాగుతుంటే చిన్న బిలం మరింత శక్తి పోగొట్టుకుంటుంది. మరింత లోపలికి జారి, మరింత వేగంగా తిరిగి, ముందుగానే కలిసిపోతుంది. తరంగాల లయ మనం వేసిన లెక్కకు కొద్దికొద్దిగా తప్పుతూ పోతుంది. ఆ తేడాను పట్టుకోగలిగితే, కనబడనిది అక్కడ ఉందని తెలుస్తుంది. ఇంకా ఎవరికీ రూఢిగా చిక్కలేదట. అంతరిక్షంలోకి పంపబోయే పరికరాల మీదే ఆశట.

అంతమంది మాస్టర్లలో ఒక్కరికీ అనుమానం రాలేదేమి శారదా? నాకెందుకు రాలేదు? వాక్యం నిండుగా ఉంటే విషయమూ నిజమేననుకున్నానా...

"మాస్టారూ, ఆ సమాసం కాస్త దించండి, పిల్లలు దాని కింద నలిగిపోతారు" అనేదానివి. దించాను. ఇప్పుడన్నీ చిన్న వాక్యాలే. వాటి వెనుక దాక్కోవడానికి చోటు లేదు. అదే నా భయం.

లయ తప్పింది కృష్ణపదార్థం వల్లనేనని ఎలా చెప్పగలమని ఏ పిల్లయినా లేచి అడిగితే? గిరిజనూ అదే అడిగాను. శాస్త్రజ్ఞులూ అక్కడే తర్జనభర్జన పడుతున్నారంది. మరి నేనేమనాలి?

"తెలియదని చెప్పడానికి మీకేంటండీ అంత నామోషీ? మీసాలేమన్నా ఊడిపోతాయా?" అని ఎన్నిసార్లు ఎగతాళి చేశావు! ఉద్యోగకాలమంతా తరగతిలో ఆ మాట అనలేదు నేను.

రేపు అంటాను. నా పొరపాటుతోనే ప్రసంగం మొదలుపెడతాను. జవాబు లేని ప్రశ్న ఎవరు వేసినా, వారిచేతనే దాన్ని నల్లబల్ల మీద పెద్దగా రాయిస్తాను. వచ్చే ఏటి ప్రసంగం దీని మీదేనని ప్రధానోపాధ్యాయురాలి ఎదుటే ప్రకటిస్తాను. పిల్లల ముందు ఆమె మాత్రం కాదనగలరా?



నీ
మాస్టారు