అంకుల్‌కి చెప్పని అమ్మకం

మంగళవారం, మయూర్ విహార్

అమ్మినవాళ్లు అదే ఇంట్లో అద్దెకు ఉండిపోతే, తాళంచెవి చేతికి రాకపోయినా ఇల్లు కొన్నవాళ్లదే. రోమన్ లా క్లాసులో ఏళ్లుగా చెబుతున్నాను. లాటిన్‌లో దీన్ని కాన్‌స్టిట్యూటమ్ పొసెస్సోరియమ్ అంటారు. నేను కొన్న ఫ్లాట్‌లో, దాన్ని నాకు అమ్మిన ఆంటీ అలాగే ఉంటున్నారు.

ఈ సాయంత్రం వెళ్లాను. ఆవిడ ఖాళీ చేశాక రంగులు వేయిస్తానని నేను చెబుతుంటే, ఆంటీ దండ వేసిన భర్త ఫొటో వైపు చూసి గొంతు తగ్గించారు.

“మెల్లగా బేటా. ఇల్లు అమ్మేశానని మీ అంకుల్‌కి ఇంకా చెప్పలేదు.”

లేచి వచ్చేశాను. తలుపు మూసుకున్నాక లోపలి నుంచి ఆవిడ మాట వినిపించింది.

“ఎవరో అమ్మాయండీ. ఇల్లు అద్దెకిస్తారా అని అడగడానికొచ్చింది.”

కాసేపు నిశ్శబ్దం. మళ్లీ ఆవిడే, “సరే, అలాగే చెప్తాలెండి.”

ఆయన నాకేం చెప్పమన్నారో…