స్టీరింగ్ కింది స్విచ్చు

అత్తిబెలె, బెంగళూరు
12 ఆగస్టు 2025

ఆదినారాయణప్ప బావకు,

శశిధర్ నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం. హిందూపురంలో నువ్వూ అక్కా కులాసాగా ఉన్నారని, నీ ఎలక్ట్రికల్ షాపు బాగా నడుస్తోందని తలుస్తాను. నేను చెబుతుంటే మీ చెల్లెలు ప్రేమకుమారి రాస్తోంది. మా లారీది ఏ రకం స్విచ్చో ఫోన్లో చెబితే తెలియడం లేదన్నావు కదా, అందుకని పాతదాన్నే బస్సులో పంపుతున్నాను. దాంతోపాటే ఈ జాబు.

ఇండికేటర్, లైట్లు, వైపర్ అన్నీ దాని మీదే. పోయిన నెల ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర ఫ్లైఓవర్ దిగి, లారీని ఎడమ పక్క రోడ్డులోకి తిప్పుతున్నాను. ఇండికేటర్ వెలగలేదు. వెనక స్కూటర్ మీద వస్తున్న ఒకామె నేను నేరుగా పోతాననుకుని పక్కకు వచ్చేసింది. బ్రేకు తొక్కాను. స్కూటర్ అద్దం బంపర్‌కు తగిలి విరిగింది, మనిషికి ఏమీ కాలేదు. ఆమె తిట్టలేదు బావా. హెల్మెట్ తీసి రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చింది. కిందికి దిగి, "వేసినానమ్మా, అదే వెలగలేదు" అని చెప్పాను. ఆమె నా వైపు చూడలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మా లారీ స్టాండులో మెకానిక్ బైరప్ప స్టీరింగ్ ఊడదీసి ఈ పాతది తీశాడు. మార్కెట్ నుంచి కొత్తది తెస్తే ప్లగ్గు కలవలేదు. ఇంత పాత బండికి ఇప్పుడు అసలుది రావడం లేదట. వైర్లు కోసి ఒక్కొక్కటీ కలిపాడు. లైటు వేస్తే వైపర్ తిరిగింది. మళ్లీ విప్పి కూర్చున్నాడు. సాయంత్రానికి అన్నీ సరిపోయాయి. మరునాడు హోసూరు పోతుంటే మళ్లీ అదే కథ. వేస్తాను, వెలగదు. ఇంకోటి తెచ్చి బిగించాడు. అదీ అంతే.

"నా చేతిలో ఏమీ లేదప్పా. కొన్ని దినాలు బండి నిలబెట్టు" అన్నాడు బైరప్ప.

నిలబెట్టాను. గ్రానైటు లోడు వేరేవాళ్లు తీసుకుపోయారు. అయినా పొద్దున్నే పోయి బండెక్కి కూర్చుంటాను. స్టార్టు చేస్తాను, ఆపేస్తాను. ఇంజిను బాగుంది, బ్రేకులు బాగున్నాయి. అరచేతంత ప్లాస్టిక్కు ముక్క దగ్గర అంత బండీ ఆగిపోయింది. అద్దంలో వెనక ఏదైనా స్కూటర్ కనిపిస్తే కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతోంది. ఏం చేయాలో తోచడం లేదు బావా. మీ ఊళ్లో పాత లారీలు విప్పి అమ్మేవాళ్లను అడుగు. ఇలాంటిదే అసలుది దొరికితే పంపు.

ఇట్లు,
నీ బావమరిది
శశిధర్

తా.క.: అన్నా, నేను ప్రేమను. ఆయన పార్శిల్ కట్టడానికి దారం తేవడానికి పోయాడు, వచ్చేలోగా రాస్తున్నాను. ఈ స్విచ్చు చెడిపోలేదు. చూడగానే నీకే తెలుస్తుంది. తర్వాత బిగించినవీ బాగానే ఉన్నాయి. బైరప్ప నన్ను పక్కకు పిలిచి చెబితే నమ్మలేదు. నిన్న నేనే బండెక్కి ఆయన పక్కన కూర్చున్నాను.

"చూడు, ఎడమకు వేసినా. వెలిగిందా?" అని అడిగాడు.

చెయ్యి స్టీరింగ్ మీదే ఉంది. వేళ్లు కదలనే లేదు. ఆయనకు మాత్రం కదిపినట్టే ఉందన్నా. "వెలగలేదు" అన్నాను.

ఒకసారి ఆస్పత్రికి పోదామంటే, "చెడిపోయింది బండి, నేను గాదు" అని లేచి వెళ్లిపోయాడు. మళ్లీ అడగడానికి నాకు ధైర్యం చాలడం లేదు. తెలిసి అంటున్నాడో, తెలియక అంటున్నాడో కూడా అర్థం కావడం లేదు. నువ్వు ఒకసారి వచ్చిపో. అంతవరకూ స్విచ్చు కోసం వెతకొద్దు. దొరికినా దొరకలేదనే చెప్పు, అది లేకుండా బండి రోడ్డెక్కించడు. నువ్వు చెబితే నమ్ముతాడు. నేను చెబితే నా కళ్లలోకి చూస్తాడు.