జింకకు సెలవు, ఎడ్నా మామ్మకు నోటీసు

కెట్టిల్ గ్యాప్ విద్యామండలం సూపరింటెండెంట్ డాక్టర్ లోవెల్ టాగర్ట్ గారి సముఖానికి, పాల ట్యాంకరు డ్రైవరు వెర్లిన్ హోస్టెట్టర్ వ్రాసుకున్న అర్జీ.

విషయం: ఆరవ తరగతి చదువుచున్న నా కుమార్తె డార్లాను సంవత్సరం మధ్యలో తమ మాధ్యమిక పాఠశాల నుండి ఉపసంహరించి ఇంటివద్దనే చదివించుకొనుట గురించి, మరియు ప్రిన్సిపాలు ప్రిచర్డ్ గారికి బుద్ధి వచ్చు మార్గము గురించి.

అయ్యా,

తమకు సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా, నా దగ్గరున్న వినయం ఈ వాక్యంతో అయిపోయింది. మిగతాది మామూలుగా రాస్తాను.

1. సదరు డార్లా ఈ సోమవారం నుండి తమ బడికి రాదు. నోటరీ ముందు సంతకం చేసిన ప్రమాణపత్రం, టీకాల కాగితాలు, బోధించబోవు విషయముల వివరం ఇందుతో జతపరచడమైనది. ఇది అనుమతి కోరే అర్జీ కాదని గమనించగలరు. అనుమతి అక్కరలేదని చట్టంలో ఉంది. ఒకసారి అర్థం కావడానికి చదివాను, రెండోసారి సంతోషం కోసం చదివాను.

2. కారణము. డార్లా చిన్నపిల్లగా ఉన్నప్పుడే దాని తల్లి పోయింది. నాది పాల ట్యాంకరు తోలే ఉద్యోగం; ఆవులు తెల్లారేదాకా ఆగవు గనుక చీకటితోనే ఇల్లు వదలాలి. ఎదురింటి ఎడ్నా లాంట్జ్ అనే పెద్దావిడ, మా చుట్టమూ కాదు, మా చర్చి మనిషీ కాదు, ఆ చలికాలంలో ఒకరోజు రోడ్డు దాటి వచ్చి పిల్లను దుప్పటితో సహా ఎత్తుకుపోయింది. అప్పటి నుంచి దానికి జడలు వేసింది ఆవిడే. పిండి పలచగా ఒత్తి నూడుల్సు కోయడం నేర్పింది ఆవిడే. బస్సు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడింది ఆవిడే. పిల్ల ఆవిణ్ణి మామ్మా అని పిలిచేది. అలా పిలవమని ఎవరూ చెప్పలేదు.

డిసెంబరులో ఆవిడ గుండె ఇక లాభం లేదని ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపేశారు. ఆవిడకు పిల్లలు లేరు. అరిజోనాలో ఉన్న మేనల్లుడు పూలు పంపించాడు. డార్లా మంచం పక్కన కూర్చుని, కరిగిన మంచు చెంచాతో తీసి ఆవిడ పెదవులకు అద్దేది. చివరి సాయంత్రం వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది తలుపు దగ్గర నిలబడి విన్నాను.

"రేపు బడికెళ్లవే తల్లీ, నాకోసం ఆగకు," అంది ఆవిడ.

"నువ్వుండగా నేనెక్కడికీ వెళ్లను మామ్మా."

"అయితే తొందరగా కానిచ్చేస్తాలే," అని నవ్వింది.

శవపేటిక వెనక ముందుగా నడవవలసింది దగ్గరి బంధువు. ముందుగా నడిచింది డార్లా. పక్కన నేనున్నాను గాని అది నా చెయ్యి పట్టుకోలేదు.

3. తిరిగి బడికి పంపినరోజు ఆఫీసు కిటికీ దగ్గర సెలవు చీటీ రాసిచ్చాను. చనిపోయినవారితో సంబంధం అని అడిగినచోట ఎదురింటావిడ అని రాశాను. కిటికీ లోపలి అమ్మాయి గొంతు తగ్గించి, దగ్గరి చుట్టాలు పోతేనే సెలవు లెక్కకొస్తుంది, అమ్మమ్మ అని రాసెయ్యండి, ఎవరు చూడొచ్చారు అంది. మంచి మనసున్న పిల్ల. పేరు చెప్పి దాని ఉద్యోగానికి ఎసరు పెట్టను. కాని నేను రాయలేదు. మా తాతముత్తాతలు కోర్టులో బైబిలు మీద ఒట్టు వెయ్యడానికి కూడా ఒప్పుకోనివాళ్లు. అవునంటే అవును, కాదంటే కాదు, దానికి ఒట్టెందుకు అనేవాళ్లు. ఒక చెంప మీద కొడితే రెండోది చూపించమని కూడా నేర్పారు. మొదటి పాఠం నాకు వంటబట్టింది. రెండోది పట్టలేదని తమరు ఈపాటికి గ్రహించే ఉంటారు.

అబద్ధం రాయనందుకు ఫలితంగా, డార్లా మామ్మ దగ్గర గడిపిన రోజులన్నీ కారణం లేని గైర్హాజరు కింద పడ్డాయి. ఇంకొకసారి జరిగితే తండ్రీకూతుళ్లు జడ్జి ముందు నిలబడాలని ఇంటికి నోటీసు వచ్చింది. దాన్ని నాకంటే ముందు డార్లా చదివింది.

4. ఇక్కడ జింకల ప్రస్తావన అవసరమగుచున్నది. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండుగ తర్వాతి సోమవారం జింకల వేట మొదలవుతుందని తమ మండలంలో బళ్లన్నీ మూసేస్తారు. నేను వేటకు విరోధిని కాను; మా ఫ్రీజరులోనూ జింక మాంసం ఉంది. అయితే తమ పాఠశాల నడవాలో, హాజరు పట్టిక పక్కనే, ప్రిచర్డ్ గారు ఆరోజు తాను కొట్టిన జింకను కొమ్ములు పట్టుకుని ఎత్తి నవ్వుతున్న ఫోటో ఉంది. సదరు జింక ఆయనకు ఏ వరస అవుతుందో, అది పోయినందుకు మండలమంతటికీ సెలవు ఏ నిబంధన కింద ఇచ్చారో తెలియజేయ ప్రార్థన.

5. నోటీసు పట్టుకుని ప్రిచర్డ్ గారి దగ్గరికి వెళ్లాను. గొడవ పెట్టుకుందామని వెళ్లలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఎడ్నా మామ్మ ఎవరో, పిల్లకు ఏమైందో వరుసగా చెప్పాను. ఆయన కంప్యూటరు మీంచి కళ్లు తిప్పకుండా విన్నారు.

"చూడండి వెర్లిన్, ఆవిడ మీకేమీ కాదు కదా," అన్నారు. "ఎదురింటివాళ్లకి ఇన్నిరోజులేంటి? ఇవాళ దీనికి ఒప్పుకుంటే రేపు కుక్క చచ్చిపోయిందని మానేస్తారు."

నేను టోపీ పెట్టుకుని వచ్చేశాను. ట్యాంకరెక్కాక ఆయనకు చెప్పవలసిన జవాబులు వరసకట్టి వచ్చాయి. ఒకదాన్ని మించి ఒకటి. పాలకేంద్రం చేరేదాకా వాటిని పైకే అప్పజెప్పుకుంటూ పోయాను.

6. అప్పటికి కూడా పిల్లను మానిపించే ఆలోచన నాకు లేదు. జనవరిలో క్రమం తప్పకుండా వచ్చినవాళ్లకు వ్యాయామశాలలో పిజ్జా విందు పెట్టారు. రానివాళ్లను అక్కడే, ఆటలు చూసేవాళ్లు కూర్చునే మెట్ల మీద కూర్చోబెట్టారు. వేరే గదిలో కూర్చోబెట్టినా పోయేది. ఆ మెట్ల మీంచి విందు మొత్తం కనిపిస్తుంది. ప్రిచర్డ్ గారు మైకు పట్టుకుని, రావాలనే మనసుంటే ఎవరైనా రావచ్చు పిల్లలూ అని హితబోధ కూడా చేశారట.

ఆ సాయంత్రం డార్లా కోటు విప్పకుండా వంటింట్లో నిలబడి ఒక్క మాట అడిగింది.

"నాన్నా, మామ్మ నాకేమీ కాదా?"

అయ్యా, నేను ఈ అర్జీలో ఇంకేం రాసినా అది ఈ ఒక్క ప్రశ్నకోసమే. ఆ పిల్లకు తల్లి గుర్తులేదు. అది ఏడ్చింది జీవితంలో ఒకే ఒక మనిషి కోసం. తమ బడి ఆ ఏడుపు లెక్కలోకి రాదని దానికి చెప్పింది, చెప్పి నమ్మించింది. అప్పటి నుంచి అది ఎడ్నా మామ్మ పేరు ఎత్తడం మానేసింది. జడ వేస్తానంటే వద్దంది. నేను ప్రిచర్డ్ గారిని క్షమించను. చచ్చేదాకా క్షమించను, తర్వాత సంగతి పైవాడి ఇష్టం.

7. ప్రతీకార చర్యలుగా నేను తొలుత ఆలోచించినవి ఇక్కడ వివరించుట క్షేమకరము కాదు. ట్యాంకరు తీసుకెళ్లి బడి గేటుకు అడ్డంగా పెట్టడం వాటిలో బహు మెత్తనిది. మా అక్క లెనోరాతో అంటే, "జైల్లోంచి పాఠాలెలా చెప్తావురా?" అంది. పాఠాలన్న మాట బుర్రలోకి వెళ్లింది అప్పుడే. పొద్దున పూట డార్లా అక్క దగ్గర ఉంటుంది. నేను మధ్యాహ్నానికి బండి దిగుతాను. పాఠం ఉదయాన్నే మొదలవ్వాలని చట్టంలో ఎక్కడా లేదు, వెతికాను.

8. బోధించబోవు విషయములు. లెక్కలు, ఇంగ్లీషు, చరిత్ర వగైరా జతపరచిన కాగితంలో ఉన్నాయి. అగ్నిప్రమాదాల గురించి తప్పనిసరిగా చెప్పాలని చట్టం అంటోంది. అదీ చెబుతాను, ఇంట్లో మండుతున్నది ప్రస్తుతానికి నేనొక్కణ్ణే. తమరు శ్రద్ధగా చూడవలసినది పౌరశాస్త్రం. దాని కింద డార్లా తండ్రితో కలిసి నెలనెలా తమ విద్యామండలి, అనగా స్కూలు బోర్డు, బహిరంగ సభకు హాజరవుతుంది. ఈసారి గైర్హాజరు ఉండదు. పౌరులు మాట్లాడే వేళలో పేరు నమోదు చేసుకుని, వచ్చిన ప్రతివారికీ ఇచ్చే మూడు నిమిషాలు తనూ తీసుకుంటుంది. ఆ సమయంలో వేదిక మీదివాళ్లు బదులు చెప్పకూడదని, అడ్డం రాకూడదని, కూర్చుని వినాలని తమ సొంత నియమావళి. ప్రిచర్డ్ గారు కూడా ముందు వరుసలో కూర్చోవలసినవారే. వసంతంలో ఆయన ఉద్యోగం పొడిగించాలా వద్దా అని ఓటు వేసేది అదే సభలో అని నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను. మొదటి సభకు ఉపన్యాసం నేనే తయారుచేశాను. అందులో జింక ఉంది, పిజ్జా ఉంది, కుక్క ఉంది. చదువుకుంటే నాకే ముచ్చటేసింది.

కావున పై సంగతులు తమరు చిత్తగించినా సరే, పక్కన పడేసినా సరే; మా బల్ల మీద పాఠం మాత్రం సోమవారం మొదలవుతుంది.

ఇట్లు,
ఈ ఒక్క మండలంలో తప్ప అంతటా తమ విధేయుడు,
వెర్లిన్ హోస్టెట్టర్

తా.క. కవరు అంటించాక మళ్లీ చించాను. కారణం ఇది. ఇందాక భోజనాలయ్యాక ఉపన్యాసం డార్లా చేతికిచ్చి, గట్టిగా చదివి చూపించమన్నాను. అది లోపల చదువుకుని, మడిచి నాకే ఇచ్చేసింది.

"ఇది నేను చదవను నాన్నా," అంది.

ఎందుకే, ఆయనంటే భయమా అన్నాను.

"భయం కాదు. ఉన్నవే మూడు నిమిషాలు. అన్నీ ఆయనకే అయిపోతే మామ్మ గురించి ఎప్పుడు చెప్పను?"

నెల కావస్తోంది దాని నోట ఆ పేరు విని. నేను లేచి పాలగిన్నె సర్దే నెపంతో కాసేపు అటు తిరిగి నిలబడ్డాను.

కనుక ఆ ఉపన్యాసం రద్దయింది. డార్లా మైకు ముందు నిలబడి "మా మామ్మ" అని మొదలుపెడుతుంది. నూడుల్సు గురించి చెప్తుందో, మంచునీళ్ల గురించి చెప్తుందో నాకు తెలియదు, నేను అడగలేదు. ఆ మూడు నిమిషాలూ ఎడ్నా లాంట్జ్ దానికి మామ్మే. కాదనే హక్కు తమకు గాని, మండలికి గాని, ప్రిచర్డ్ గారికి గాని లేదు. నోరు మూసుకుని వినాలి.

ఆ తర్వాత పిలవవలసిన పేరు నాది; నాకూ మూడు నిమిషాలున్నాయి. అప్పటికి ప్రిచర్డ్ గారు లేచి వెళ్లిపోకుండా చూడగలరు.