జీలుగ పూతకొచ్చింది

సోమవారం, ఖమీస్ ముషైత్, సౌదీ

ఇంటికి వెళ్లడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా అడిగితే, నన్ను పనిలో పెట్టుకున్న కఫీల్ ఇవాళ కూడా "బుక్రా" అన్నాడు. నా భార్య పద్మ చనిపోయిన రోజూ ఇదే మాట, రేపు అని.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నా, వదిన చల్లిన జీలుగ పూతకొచ్చింది. నువ్వొచ్చేదాంక దున్నొద్దన్నవు. ఇంక ఆగితే కాడలు ముదురుతయ్, మట్టిల మురగవు. మల్ల యూరియా లైన్ల నిలవడేది నేనే."

పూతలో దున్నేస్తే పచ్చిరొట్ట ఎరువవుతుంది, యూరియా ఖర్చు తగ్గుతుందని పట్టుబట్టి చల్లింది పద్మే. ఆ పచ్చదనం ఒక్కసారి చూడాలనుకున్నాను.

"దున్నెయ్ రా. గట్టు పక్క ఇంత వదులు, విత్తనానికి."

"విత్తనం సబ్సిడీల దొర్కుతది గదనే."

"వదులు."



"సరే అన్నా. మేకలు మెయ్యకుంట కంప అడ్డం పెడ్త."

గట్టు పక్క జీలుగను వెళ్లి చూడడానికి గింజ ఎండేదాకా నాకు వ్యవధి దొరికింది. కఫీల్‌ను రేపు మళ్లీ అడగాలి.