రెండోసారి మత్తు

ఒరూరో,
ఆగస్టు పన్నెండు.

అమ్మా,

నీ చేతులు ముద్దాడి రాస్తున్నాను. ఇక్కడ నేను, నీ కోడలు నీవెస్, పాప బాగున్నాం. ఈ ఆగస్టు చలికి అక్కడ తుపీసాలో నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయో రాయి. నువ్వు పంపిన ఎండు మాంసం అందింది. పాప ఎవరికీ మిగల్చలేదు.

ముక్కుకి రెండోసారి ఆపరేషన్ ఎందుకని అడిగావు. మొదటిసారి మత్తు దిగుతుండగా, లోపల కుక్కిన దూది నేనే పీకేసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి ముక్కు రెండు వైపులా మూసుకుపోయి ఉంది. గోనెసంచిలో వేసి మూతి కుట్టేసినట్టు అనిపించింది. ముఖమంతా ఒకటే మంట. ఎవరో నన్ను పట్టుకున్నారు. విదిలించుకోవడం తప్ప ఇంకేమీ తెలియలేదు. లోపల సరిగ్గా మానక ముక్కు మళ్ళీ మూసుకుపోయింది, ఆ తర్వాత ఏడు నెలలు నోరు తెరుచుకునే బతికాను. ఆసుపత్రి పేరెత్తితే చెమటలు పట్టేవి.

ఈసారి మత్తు డాక్టరమ్మ చోకే గారు ముందే కూర్చోబెట్టి అడిగారు.

"పోయినసారి పెద్ద గొడవే చేశావటగా?"

"నేను కాదు డాక్టరమ్మా. నాలో ఏదో దూరింది."

"దయ్యమేం కాదులే. నొప్పి, దానికి తోడు ఊపిరాడదన్న భయం. నువ్వు మత్తులో ఉండగానే కళ్ళ కింద, ముక్కు పక్కన నరాలు మొద్దుబారేలా సూది వేస్తాను. నొప్పి తగ్గితే తన్నుకోవడమూ తగ్గొచ్చు. ముక్కు మాత్రం మూసే ఉంటుంది. ఏదీ, నోటితో పీల్చు, చూద్దాం."

ఆపరేషన్ అయ్యాక మెలకువ వచ్చింది. మళ్ళీ అదే సంచి. కానీ ముఖం నాది కానట్టు మొద్దుగా ఉంది, మంట లేదు. నోరు తెరిచాను, గాలి వచ్చింది. చేతులు దుప్పటి మీదే ఉన్నాయి. నీవెస్ గుమ్మం దగ్గరే నిలబడింది. లోపలికి రాలేదు.

అమ్మా, నీవెస్ వేలు ఎలా విరిగిందని మూడు ఉత్తరాల్లో అడిగావు. మెట్ల మీద జారిందని రాశాను. కాదు. మొదటిసారి మత్తు దిగుతుండగా నన్ను పట్టుకున్నది నీవెసే. విరిచింది నేనే. నాన్న చేతిలో నువ్వు పడ్డ దెబ్బలు చూస్తూ పెరిగాను. నా చెయ్యీ అలాంటిదేనని అనుకుంటావేమోనని రాయలేకపోయాను.

ఈసారి ఇంటికొచ్చాక నీవెస్‌ని క్షమించమన్నాను.

"అది మత్తులో జరిగింది. దానికి నిన్నేమీ అనను," అంది. "కానీ నేను మెట్ల మీద పడ్డానని మీ అమ్మకి రాశావే, అప్పుడు మెలకువగానే ఉన్నావుగా?"

ఆ మాట అని ఈ కాగితం తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళింది.

ఇట్లు,
నీ కొడుకు
యూసేబియో